అంగుళం దించే ముందు

టైరు పైఅంచుకూ దాని మీద వంగిన ఫెండరుకూ మధ్య నాలుగు వేళ్లు పడితే మామూలు కారు, రెండు వేళ్లే పడితే సోకైన కారు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఇలాగే కొలుస్తారు. ఆ సందు చూడ్డానికి బాగుండదు, నిజమే. దాన్ని మూసేయడానికి కారును ఒకటి రెండు అంగుళాలు కిందికి దించడం డెబ్బై ఎనభై ఏళ్లుగా నడుస్తున్న ఆచారం. ఆ ఆచారం వెంట ఒక నమ్మకం కూడా నడుస్తోంది. దించిన కారు మలుపుల్లో రోడ్డును కరుచుకుని పోతుందనీ, బదులుగా లోపల కూర్చున్నవాళ్ల నడుము విరుగుతుందనీ, ఒకటి కావాలంటే రెండోది వదులుకోక తప్పదనీ. సుఖాన్నీ పట్టునీ ఇలా తక్కెడలో చెరో పక్కన పెట్టి చూడటంలోనే తప్పుందని నా వాదన. రెండూ ఒకే పని మీద ఆధారపడి ఉన్నాయి: టైరు రోడ్డును వదలకుండా ఉండటం. గతుకు మీద ఎగిరిన టైరు కుదుపూ ఇస్తుంది, పట్టూ పోగొడుతుంది. కారును దించడంలో నేర్పున్నవాళ్లు రెంటినీ కలిపే కాపాడారు, నేర్పు లేనివాళ్లు రెంటినీ కలిపే పోగొట్టుకున్నారు.

దించితే వచ్చే లాభమెంతో ముందు లెక్క కట్టి చూద్దాం. మలుపులో కారు బరువు లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి మళ్లుతుంది. టైరు మీద బరువు పెరిగినంతగా దాని పట్టు పెరగదు కాబట్టి, ఈ మళ్లింపు ఎంత తగ్గితే నాలుగు టైర్లూ కలిసి అంత బాగా పనిచేస్తాయి. వెయ్యి కిలోల కారు తీసుకుందాం. దాని గరిమనాభి నేలకు 550 మి.మీ. ఎత్తున ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పు 1,500 మి.మీ. మామూలు టైర్లు జారడానికి సిద్ధమయ్యేంత గట్టి మలుపులో, అంటే భూమ్యాకర్షణలో పదింట ఎనిమిది వంతుల బలం పక్కకు లాగుతున్నప్పుడు, 293 కిలోలు బయటి చక్రాల మీదికి మళ్లుతాయి. అదే కారును 30 మి.మీ. దించితే 277 కిలోలు మళ్లుతాయి. తేడా 16 కిలోలు, నూటికి అయిదున్నర వంతు. ఒక నాలుగేళ్ల పిల్లాడి బరువు. లాభం లేదని నేననను, ఉంది, కానీ అది ఇంతే. స్ప్రింగులు మార్పించుకుని వచ్చినవాళ్లు కారు పూర్తిగా మారిపోయిందని చెబుతుంటారు. వాళ్లకు తెలుస్తున్నది ఎక్కువగా కొత్త స్ప్రింగుల బిగువూ, అరిగిపోయిన పాత షాకబ్జర్లు పోయిన తేడానూ. ఎత్తు తగ్గిన ఫలితం అందులో కొంచెమే.

ఇక ఖర్చు వైపు చూస్తే పద్దు పెద్దది. గతుకు ఎక్కినప్పుడు చక్రం పైకి లేవడానికి కొంత చోటు ఉంటుంది. ఓ చిన్న కారులో అది 70 మి.మీ. అనుకుందాం. కారును 30 మి.మీ. దించిన క్షణంలోనే ఆ చోటు 40 మి.మీ.కి పడిపోతుంది. గతుకులు మాత్రం చిన్నవి కావు, అవి మున్సిపాలిటీవి. అదే గతుకు, అదే వేగం, అదే తాకిడి. దాన్ని ఇప్పుడు 40 మి.మీ. లోపలే ఆపాలి. స్ప్రింగు దాచుకునే శక్తి అది నలిగిన దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, చోటు 70 నుంచి 40కి తగ్గినప్పుడు స్ప్రింగు బిగువు మూడు రెట్లు పెరిగితే తప్ప లెక్క సరిపోదు. రోడ్డు మీద నడిపే కారుకు మూడు రెట్ల బిగువున్న స్ప్రింగు ఎవరూ వేయరు. బజారులో దొరికే లోయరింగ్ స్ప్రింగులు కంపెనీవాటి కంటే నాలుగో వంతు అటూ ఇటూగా గట్టిగా ఉంటాయి. మిగతా తాకిడంతా చివరన ఉండే రబ్బరు ముక్క మీద, అంటే బంప్ స్టాప్ మీద పడుతుంది. నడుముకు తగిలే ఆ ఠక్కుమనే దెబ్బ అక్కడిదే, స్ప్రింగుది కాదు.

బంప్ స్టాప్ చేసే అపకారం నడుముతో ఆగితే తక్కెడ నమ్మకమే నిజమయ్యేది. మలుపులో కారు పక్కకు ఒరిగినప్పుడు బయటి చక్రం ఎలాగూ పైకి లేచి ఉంటుంది. మిగిలిన 40 మి.మీ.లో ఓ 25 అక్కడే అయిపోతాయి. ఆ మలుపు మధ్యలో చిన్న అతుకు ఎదురైనా చక్రం బంప్ స్టాప్‌కు కొట్టుకుంటుంది. అంతదాకా మెత్తగా ఉన్న ఆ మూల ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది, బరువంతా ఆ ఒక్క టైరు మీదికి దూకుతుంది, టైరు జారుతుంది. ముందు చక్రమైతే కారు మలుపు తిరగనని మొండికేస్తుంది, వెనక చక్రమైతే తోక విసురుతుంది. పట్టు కోసం దించిన కారు, పట్టు కావలసిన చోటే పట్టు తప్పడమంటే ఇదే. దించిన కారులో అన్నిటికంటే విలువైన వస్తువు చక్రానికి పైకి మిగిలిన ఆ నాలుగు సెంటీమీటర్ల చోటు. ఈ విద్యలోని మెళకువలన్నీ దాన్ని పొదుపుగా వాడుకునే మార్గాలే.

ఆ విద్యకు రెండు పుట్టిళ్లున్నాయి. ఒకటి కాలిఫోర్నియా. రెండో ప్రపంచ యుద్ధం తరవాత లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు పాత షెవ్రొలేలను డిక్కీలో ఇసుక మూటలు వేసీ, స్ప్రింగు చుట్లు కోసీ నేలకు దించేవాళ్లు. వాళ్లకు వేగం అక్కర్లేదు. అందరూ చూసేలా తీరిగ్గా ఊరేగడమే ముఖ్యం. చక్రం రిమ్ము కింది అంచు కంటే కారులో ఏ భాగమూ కిందికి ఉండకూడదంటూ 1958 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రం చట్టం అమల్లోకి తెచ్చింది. మరుసటి ఏడాదే రాన్ అగిర్రే అనే కుర్రాడు విమానాల తుక్కులో దొరికిన హైడ్రాలిక్ పంపులు తన కార్వెట్‌కు బిగించాడు. మీట నొక్కితే కారు లేస్తుంది, పోలీసు వెళ్లాక దిగుతుంది. దీన్ని చట్టాన్ని ఎగవేసే చమత్కారంగానే చెప్పుకుంటారు గానీ, నా దృష్టిలో అది ఈ సమస్యకు దొరికిన నిజాయితీ గల పరిష్కారాల్లో ఒకటి. ఆగినప్పుడు అందం, కదిలినప్పుడు చోటు. రెండూ ఒకే ఎత్తులో దొరకవని వాళ్లు ఒప్పుకున్నారు. కాలిఫోర్నియా ఆ ఆంక్షను ఎత్తివేసింది 2024 జనవరిలో మాత్రమే.

రెండో పుట్టిల్లు ఇంగ్లండ్. కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ కంపెనీ కార్లు చూస్తే మన నమ్మకం తలకిందులవుతుంది. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ నేలబారు కారు, మలుపుల్లో దానికి సాటి లేదని పేరు. అయినా దాని స్ప్రింగులు మెత్తనివి, చక్రాలకు పైకీ కిందికీ ధారాళంగా చోటుంది. కారు మొత్తం బరువు 680 కిలోల ప్రాంతంలోనే. ఇంగ్లండు పల్లెల్లో రోడ్లు ఇరుకు, వంకర, ఎగుడుదిగుడు. అలాంటి దారిలో టైరు నేలను వదలకూడదంటే స్ప్రింగు మెత్తగా లొంగాలి, లొంగిన స్ప్రింగును డాంపర్, అంటే మన షాకబ్జర్, అదుపులో పెట్టాలి. మెత్తని స్ప్రింగు, జాగ్రత్తగా లెక్కకట్టిన డాంపింగ్ అన్న ఈ పాఠం లోటస్ ఇంటి పద్ధతిగా నిలిచిపోయింది. కారు బరువే తక్కువగా, బరువంతా నేలకు దగ్గరగా ఉండేలా మొదట్లోనే గీసుకున్నారు కనుక, తరవాత స్ప్రింగుల మీద కక్ష తీర్చుకోవాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. ముందు ఎత్తుగా కట్టిన కారును తరవాత దించేవాళ్లకు ఆ సౌలభ్యం లేదు. అందుకే వాళ్లకు లెక్క మరింత అవసరం.

లెక్క స్ప్రింగుతో మొదలవుతుంది. స్ప్రింగు బిగువును కిలోల్లో చెబితే దేనికీ పనికిరాదు. అది మోసే బరువుతో కలిపి, కారు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పాలి. తన బరువుకే స్ప్రింగు 25 సెంటీమీటర్లు కుంగేంత మెత్తనిదైతే కారు సెకనుకు ఒకసారి ఊగుతుంది. 11 సెంటీమీటర్లే కుంగితే ఒకటిన్నర సార్లు, 6 సెంటీమీటర్లకు కాస్త పైన అయితే రెండుసార్లు. ఇంటిల్లిపాదీ తిరిగే కార్లు ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉంటాయి, రోడ్డు మీది స్పోర్ట్స్ కార్లు ఒకటిన్నర నుంచి రెండు దాకా. మనిషి ఒళ్లు నిలువు కుదుపుకు ఎక్కువగా బాధపడేది సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది ఊపుల మధ్య. అర కంటే తగ్గితే కడుపులో తిప్పుతుంది. కాబట్టి 1.2 నుంచి 1.5కి పెరిగిన స్ప్రింగు వల్ల నడుము విరగదు. అది కాస్త బిగువుగా, ఒద్దికగా అనిపిస్తుంది, అంతే. దీనికి తోడు 1930ల్లో కాడిలాక్‌లో పనిచేసిన బ్రిటిష్ ఇంజనీరు మారిస్ ఆలీ కనిపెట్టిన చిట్కా ఒకటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, ముందు చక్రం గతుకును దాటిన సెకనులో ఏడో వంతు కాలానికి వెనక చక్రం దాన్ని తాకుతుంది. వెనక స్ప్రింగు ముందుదాని కంటే కాస్త త్వరగా ఊగేలా చేస్తే, ఆలస్యంగా మొదలైన ఊపు ముందు ఊపును అందుకుంటుంది. కారు ముక్కు ఎత్తుతూ దించుతూ తలాడించకుండా మొత్తంగా లేచి మొత్తంగా దిగుతుంది. ముక్కు కిందికుంటేనే అందమని ముందు మాత్రమే గట్టి స్ప్రింగులు వేయించుకునేవాళ్లు ఈ అమరికను తెలియక చెడగొట్టుకుంటారు. తరవాత సీటు కుషన్లను తిడతారు.

స్ప్రింగు చుట్టు కోయడం గురించి రెండు మాటలు చాలు. ఆరు చుట్లలో ఒకటి కోస్తే మిగిలింది అయిదో వంతు గట్టిపడుతుంది, అంతవరకూ లెక్క బాగానే ఉంది. అయితే పొట్టిదైన స్ప్రింగు, చక్రం గాల్లో వేలాడినప్పుడు తన గిన్నెలోంచి వదులై పక్కకు జరగవచ్చు. వేడి చేసి కుంగదీయడం ఇంకా ఘోరం, ఉక్కు పదును పోతుంది. ఆ పని చేసే చోట కారు దిగకండి, దిగినా తాళం ఇవ్వకండి.

అసలు నేర్పంతా డాంపర్‌లో ఉంది. షాకబ్జర్ అని మనం పిలిచే ఆ గొట్టం పేరుకు తగ్గట్టు దెబ్బను మింగదు. మింగేది స్ప్రింగు. మింగిన స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపేది డాంపర్. స్ప్రింగును పాతిక శాతం గట్టిచేసి పాత డాంపర్నే ఉంచితే, ఆ జంటలో డాంపర్ వాటా పదకొండు శాతం బలహీనపడుతుంది. డాంపర్ అప్పటికే లక్ష కిలోమీటర్లు తిరిగినదైతే చెప్పక్కర్లేదు. కారు గట్టిగానూ ఉంటుంది, బంతిలా ఎగురుతూనూ ఉంటుంది. దించిన కార్ల మీద జనానికి ఉన్న చెడ్డ అభిప్రాయంలో సగం ఈ జంట కుదరకపోవడం వల్ల వచ్చిందే. మంచి డాంపర్ రెండు రకాల కదలికలను వేరుగా చూస్తుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు కారు ఒరిగేది నిదానంగా, అక్కడ అది గట్టిగా నిలబడాలి. గుంతలో పడ్డ చక్రం లేచేది విసురుగా, అక్కడ అది దారి ఇవ్వాలి. లోపలి వాల్వుల్లో పలచని ఉక్కు పళ్లేల దొంతర ఈ తేడాను చూపిస్తుంది. చౌక డాంపర్ రెంటినీ ఒకే కోపంతో ఎదుర్కొంటుంది. మరో పొరపాటు, కారు ఊగకూడదని తిరుగు కదలికను మరీ బిగించడం. వరస గతుకుల మీద పైకి లేచిన చక్రం తరవాతి గతుకు వచ్చేలోగా కిందికి రాలేదు. కారు ఒక్కో గతుక్కీ ఇంకాస్త కుంగుతూ చివరికి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. డ్రైవరు మాత్రం స్ప్రింగు గట్టిదనుకుంటాడు.

దించినప్పుడు కంటికి కనిపించకుండా మారేవి కొన్ని ఉన్నాయి. మన చిన్న కార్లలో ముందు చక్రాలకు దాదాపు అంతటా ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్. దాని లోయర్ ఆర్మ్ చక్రం వైపు కాస్త కిందికి వాలి ఉండాలి. కారు దిగిన కొద్దీ ఆ వాలు పోయి, ఆర్మ్ అడ్డంగా, ఆపైన ఎదురు వాలులోకి వెళుతుంది. ఫలితంగా కారు దేని చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్, కారు దిగిన దానికంటే వేగంగా దిగిపోతుంది. గరిమనాభి 30 మి.మీ. దిగితే రోల్ సెంటర్ అంతకు మించి దిగడం మామూలే. అప్పుడు ఒరగడానికి మీట పొడవు పెరిగినట్టే, కారు దిగి కూడా ఎక్కువగా ఒరుగుతుంది. దాన్ని ఆపడానికి మళ్లీ గట్టి స్ప్రింగో, ఎడమ కుడి చక్రాలను కలిపే లావు యాంటీ రోల్ బారో వేస్తారు. పొడవు కాడ ఉన్న బాల్ జాయింట్ వేసి ఆర్మ్ వాలును తిరిగి తెస్తే ఆ గట్టిదనం అవసరమే ఉండదు. ఇలాగే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ వాలు మారితే, చక్రం లేచినప్పుడల్లా దానంతటదే కాస్త పక్కకు తిరుగుతుంది. గతుకుల దారిలో స్టీరింగ్ చేతిలో కదలాడుతూ ఉంటుంది. దించాక అలైన్‌మెంట్ చేయించడం అందుకే తప్పనిసరి. యాంటీ రోల్ బార్‌కూ ఓ పరిమితి ఉంది. రెండు చక్రాలూ కలిసి లేస్తే అది అడ్డుపడదు గానీ, ఒక్క చక్రమే గుంతలో పడితే రెండోదాన్నీ కదిలిస్తుంది, తల పక్కలకు ఊగిపోతుంది. ఇక టైర్లు. 185/65 ఆర్ 15 టైరు పక్కగోడ ఎత్తు 120 మి.మీ., 205/45 ఆర్ 17 అయితే 92 మి.మీ. చక్రం దగ్గర 28 మి.మీ. గాలి పరుపు పోగొట్టుకుని, ఆ కుదుపుకు స్ప్రింగును నిందించేవాళ్లే ఎక్కువ.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం రేసు కార్లది. అవి నేలకు ఆనుకుని, రాళ్లలా గట్టిగా ఉంటాయి కదా, వాటి కంటే మలుపుల్లో మించినవేవి? నిజమే, కానీ అవి పరుగెత్తేది నున్నటి ట్రాకు మీద. పైగా గాలి ఒత్తిడితో పట్టు తెచ్చుకునే కారుకు నేల నుంచి ఎత్తు మారకుండా ఉండటమే ప్రాణం. అక్కడ గట్టి స్ప్రింగు అవసరం వచ్చింది గాలి కోసం, టైరు కోసం కాదు. అక్కడ కూడా దీని మూల్యం రెండుసార్లు బయటపడింది. 1981లో ఫార్ములా వన్ కార్లకు నేల నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తు ఉండి తీరాలన్నారు. గోర్డన్ మర్రీ రూపొందించిన బ్రాబమ్ కారు తనిఖీలో ఆ ఎత్తు చూపించి, వేగం అందుకున్నాక గాలి బరువుకు నేలకు దిగిపోయేది. మిగతా జట్లూ అదే దారి పట్టాయి. స్ప్రింగు కదలిక దాదాపు లేని ఆ కార్లలో డ్రైవర్ల వెన్నులు అదిరిపోయాయి. 1983 నాటికి కారు అడుగు చదునుగా ఉండాలనే నిబంధన వచ్చింది. 2022లో అడుగు గాలిని వాడుకునే కార్లు తిరిగొచ్చినప్పుడు అవి పరుగులో ఎగిరెగిరి పడ్డాయి. బాకూలో రేసు ముగిశాక లూయిస్ హామిల్టన్ నడుము పట్టుకుని కారు దిగాడు. ఆ ఏడాదే నిలువు ఊపులకు ఆ రేసులను నియంత్రించే సంస్థ హద్దు పెట్టింది. ప్రపంచంలోని అత్యుత్తమ ఇంజనీర్లకు దొరకని మినహాయింపు మన వీధి చివరి షెడ్డులో దొరకదు.

స్ప్రింగూ డాంపరూ కలిసి వచ్చే కాయిలోవర్ సెట్ వేసుకుంటే ఎత్తు మన చేతిలోనే ఉంటుంది కదా అన్నది రెండో మాట. కొంతవరకే. మరను తిప్పి స్ప్రింగు గిన్నెను దించే రకంలో కారుతో పాటు చక్రానికి ఉన్న చోటూ తగ్గుతుంది. గొట్టం అడుగు భాగాన్ని విడిగా పొడిగించి కుదించే రకంలోనే ఆ చోటు చెక్కుచెదరదు. అలాంటప్పుడు కూడా టైరు ఫెండరుకు రాసుకోకుండా చూసుకోవాలి. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఎన్ని మెట్లలో బిగించుకోవచ్చని కాదు, ఎత్తు ఏ పద్ధతిలో మారుతుందని.

మన రోడ్ల మీద ఈ చర్చే దండగ అనేవాళ్లకు జవాబు చెప్పడం కొంచెం కష్టం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం, ఐఆర్‌సీ 99, 1988లో చెప్పిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు. దాని వంపు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్క. రెండున్నర మీటర్ల చక్రాల దూరం ఉన్న కారు దాని మీద సరిగ్గా మధ్యలో నిలబడితే, చక్రాలు కూడా గుట్ట మీదే ఉంటాయి కాబట్టి, అడుగు భాగానికి కావలసింది 46 మి.మీ. మాత్రమే. అంటే నిబంధన ప్రకారం కట్టిన గుట్టను దించిన కారు కూడా సుఖంగా దాటుతుంది. చిక్కంతా కాలనీవాళ్లు రాత్రికి రాత్రి పోసుకున్న సిమెంటు దిమ్మలతో. అర మీటరు పొడవున నిటారుగా లేచే దిమ్మె రెండు చక్రాల మధ్య ఇరుక్కున్నప్పుడు దాని పూర్తి ఎత్తూ అడుగు భాగానికి కావాలి. 165 మి.మీ. ఎత్తుండే హ్యాచ్‌బ్యాక్‌లో అయిదుగురు, పెళ్లి సామానూ ఎక్కితే మూడు నాలుగు సెంటీమీటర్లు అలాగే కుంగుతుంది. ఆ పైన 30 మి.మీ. దించారంటే మిగిలేది పది సెంటీమీటర్లకు అటూ ఇటూ. జర్మనీలో స్ప్రింగుల కంపెనీలు ఒక్కో మోడల్‌కు, ఒక్కో ఇరుసు బరువుకు వేరు వేరు స్ప్రింగు అమ్ముతాయి, వాటికి ధ్రువపత్రం ఉంటుంది. ఇక్కడ ఒంటరి డ్రైవరు బరువుకు సరిపోయే స్ప్రింగును ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి బిగిస్తున్నాం. చట్టం సంగతి కూడా ఉంది. తయారీదారు నిర్దేశించిన రూపం నుంచి వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పానా పట్టకముందే ఆర్టీవో ఆఫీసులోనూ బీమా కంపెనీలోనూ అడగడం మేలు.

అందుకని హైదరాబాదులోనో విజయవాడలోనో కుటుంబంతో తిరిగే కారుకు నా తీర్పు ఇది: కంపెనీ ఎత్తు కదపవద్దు. ఒంటరిగా నడుపుకునే రెండో కారైతే, అనుమతి దొరికితే, 15 నుంచి 20 మి.మీ. దాకా సరే, అదీ జత డాంపర్లతో, అలైన్‌మెంట్‌తో. ముందుగా పాత షాకబ్జర్లూ ఎండిపోయిన బుష్‌లూ మార్పించండి, మంచి టైర్లు వేయించి గాలి సరిచూసుకోండి, ఆ కారుతో వెయ్యి కిలోమీటర్లు తిరిగి చూడండి. అప్పటికీ ఆ నాలుగు వేళ్ల సందు కళ్లకు గుచ్చుకుంటూనే ఉంటే, స్ప్రింగుల ధర అడగండి.